లెక్కలోకి రాని మొదటి నీళ్లు

బ్రూక్షాబాద్, పోర్ట్ బ్లెయిర్,
ఫిబ్రవరి నెల.

మహారాజశ్రీ తాగునీటి సరఫరా కార్యనిర్వాహక ఇంజనీరు గారి సముఖమునకు, బ్రూక్షాబాద్ ఎగువ వీధి కాపురస్తురాలు, ప్రభుత్వ పాఠశాల రసాయనశాస్త్ర ఉపాధ్యాయిని కమలాకుమారి వ్రాసుకొను అర్జీ.

విషయం: తాగునీటికి యంత్రము చేయు ఆన్‌లైన్ పరీక్షల వేళలను గడియారము ననుసరించి గాక, వీధికి నీరు విడుచు వేళల ననుసరించి మార్చుట గురించియు, మరణించిన వాసవి కుటుంబమునకు తమ కార్యాలయము పంపిన జవాబులోని ఒక వాక్యమును ఉపసంహరించుట గురించియు.

అయ్యా,

నీళ్లు రాని రోజున నీళ్లు బాగున్నాయని ఎట్లా తెలుస్తుంది?

ఈ ప్రశ్న నన్ను పట్టుకుని చాలా ఏళ్లయింది. మా వీధి చివర తమ విభాగంవారు గోడకు, నీటిని తానే పరీక్షించే ఒక తెల్లపెట్టె బిగించి, దాని పైన ఆకుపచ్చ దీపంతో బోర్డు పెట్టిన సంవత్సరం నుంచి ఉంది. ఆ ఎండాకాలం డ్యామ్ అడుగున మట్టి బయటపడింది. వీధికి నీళ్లు మూడు నాలుగు రోజులకొకసారి వదులుతున్నారు. ఒకరోజు బడికి వెళ్తూ చూశాను. ఏ కుళాయిలోనూ చుక్క లేదు. బోర్డు మీద మాత్రం హిందీలోను, ఇంగ్లీషులోను 'నీరు సురక్షితం' అని వెలుగుతోంది. ఏ నీరు అని నిలబడిపోయాను. కొలవడానికి నీళ్లే లేనప్పుడు ఆ పెట్టె దేన్ని కొలిచింది? ఇది అడగదగిన ప్రశ్నా, లేక సైన్సు చెప్పేవాళ్లకుండే చాదస్తమా అని చాలాకాలం నాలో నేనే తర్కించుకున్నాను. కిందటి ఏప్రిల్ తరువాత తర్కించుకోవడం మానేశాను.

ఇదే విషయమై ఇదివరకు తమ విభాగపు పోర్టల్‌లో ఇంగ్లీషున ఒకటి, హిందీలో ఒకటి ఫిర్యాదులు దాఖలు చేసుకొనియున్నాను. రెండింటికీ ఒకే జవాబు, అక్షరం పొల్లుపోకుండా వచ్చినది. తమరు ఇటీవలనే ఇక్కడ బాధ్యతలు స్వీకరించితిరనియు, తమది టెక్కలి ప్రాంతమనియు తెలిసినది. తెలుగు అర్జీకి ముందే సిద్ధం చేసి ఉంచిన జవాబు ఉండదు కదా, ఎవరో ఒక మనిషి కూర్చుని చదవక తప్పదు కదా అన్న ఆశతో ఈ భాషలో రాసుకుంటున్నాను. అర్జీల భాష మా నాన్నగారి నోట విన్నదే గాని నేను వాడినది తక్కువ. మధ్యలో జారితే మన్నించ ప్రార్థన.

1. సదరు వీధిలో మా పక్కింట కాపురమున్న యర్రమ్మ గారి కోడలు వాసవి, ఏడవ నెల గర్భిణి, కిందటి ఏప్రిల్‌లో కామెర్లతో ఆస్పత్రిలో మరణించినది. కడుపులోని బిడ్డయు దక్కలేదు.

ఇంతకు మించి రాస్తే అర్జీ మర్యాద తప్పుతుందని తెలుసు. కాని ఇంతే రాస్తే తమ కాగితాల్లో ఆమె 'గర్భిణి, ఒకరు' అనే ఉండిపోతుంది. వాసవిది తుష్నాబాద్. అక్కడ వాళ్ల పెరట్లో ఊట ఉంది, ఎండాకాలమూ తగ్గదు. పెళ్లయి మా వీధికి వచ్చిన కొత్తలో మేమంతా బిందెలు పట్టుకుని ఉరకడం చూసి ప్రహరీ మీద మోచేతులు పెట్టుకుని నవ్వేది.

"దీదీ, మీరందరూ ట్రైన్ పట్టుకునేవాళ్లలాగ పరిగెడతారు."

"నువ్వెప్పుడు చూశావే ట్రైను?"

"టీవీలో. అందులో కూడా ఇంత భాగమ్ భాగ్ లేదు."

ఆ నెలలోనే మా వీధిలో ఇంకా కొందరికి కళ్లు పచ్చబడ్డాయి. వాళ్లు పథ్యం చేసి లేచి తిరిగారు. ఈ రకం కామెర్లు నీళ్ల వల్ల వస్తాయని, గర్భిణులకు వస్తే ప్రాణం మీదికి తెస్తాయని డాక్టరుగారు చెప్పారు. ఆస్పత్రివారు చేయవలసినది చేశారు. వారిపై నాకెట్టి ఫిర్యాదూ లేదు. మెయిన్‌లాండ్‌కు విమానంలో తీసుకెళ్లే ఏర్పాట్లు జరుగుతుండగా ఆమెకు మాట తడబడింది. అనిల్‌ను, అంటే తన భర్తను, ఎవరో కొత్తవాణ్ణి అడిగినట్టు "ఆప్ కౌన్?" అని అడిగింది. తరువాత ఎవరినీ ఏమీ అడగలేదు.

2. పైన తెలిపిన మరణానంతరం సదరు అనిల్ తమ పోర్టల్‌లో ఫిర్యాదు చేసుకొనగా, 'సదరు కాలమందు సరఫరా చేయబడిన నీరు నిర్ణీత ప్రమాణములకు లోబడియే యున్నది. కాలుష్యము వినియోగదారుని గృహమందలి నిల్వ పాత్రలో సంభవించి యుండవచ్చును' అని జవాబు వచ్చినది.

అనిల్ ద్వీపాల మధ్య తిరిగే షిప్పులో ఇంజను గదిలో పనిచేస్తాడు. జవాబు ఫోనులో వచ్చినప్పుడు నేను వాళ్లింట్లోనే ఉన్నాను. యర్రమ్మ గారు గచ్చు మీద కూర్చుని చేపలు బాగుచేస్తోంది. ఆమెను నేను పెద్దమ్మా అంటాను. వరసకు కాదు, అలవాటు. వాళ్ల పెద్దలు శ్రీకాకుళం ఒడ్డు నుంచి వలలతో వచ్చినవాళ్లు. ఆమె పుట్టింది ఇక్కడే అయినా మాట అక్కడిదే.

"ఏటి రాసినార్రా?" అంది.

"కుచ్ నహీఁ అమ్మా."

"కుచ్ నహీఁకి అంతసేపు సూస్తావేటి? సదువు."

అనిల్ హిందీలో చదివాడు. తరువాత తెలుగులో చెప్పాడు. "నీళ్లు బాగానే ఉన్నాయంట. మన బిందెలోనే ఏదో అయ్యిందంట."

"నా బిందెలోనా?"

"వాళ్లంటున్నారమ్మా. నేనన్లేదు."

ఆమె చేతిలోని చేపను అలాగే పట్టుకుని నా వైపు చూసింది. నేను ఎమ్మెస్సీ చదివినదాన్నని, నాకు తెలిసి ఉంటుందని ఆమె నమ్మకం. "కాదు పెద్దమ్మా, 'ఉండవచ్చును' అని రాశారు, అయ్యిందని రాయలేదు" అన్నాను. ఆ రెండింటికీ తేడా కార్యాలయాల్లో ఉంటుందేమో గాని, ఆ గచ్చు మీద లేదు.

3. ఆ వాక్యము వలన సదరు కుటుంబమునకు కలిగిన నష్టము ఈ దిగువ మనవి చేసుకొనుచున్నాను.

ఆ రోజు నుంచి యర్రమ్మ పెద్దమ్మ ఇంట్లో బిందెలు బోర్లించి ఉన్నాయి. ఇత్తడివి, ఆమె అత్తగారి నాటివి; చింతపండు పెట్టి తోమితే ఎదురుగా నిలబడ్డవాళ్ల మొహం కనపడేది. ఇప్పుడు పచ్చగా చిలుం పట్టాయి. ఆమె తన చేత్తో ఎవరికీ మంచినీళ్లు ఇవ్వదు. గుమ్మంలోకి వచ్చినవాళ్లు దాహమంటే "పక్కింట అడుగు బాబూ" అంటుంది. తను తాగడానికి మా ఇంటికి చెంబు పట్టుకుని వస్తుంది, కాని ఆ చెంబులో నేనే పొయ్యాలి. అనిల్ షిప్పు దిగి ఇంటికి వస్తూ జెట్టీ దగ్గర సీసా నీళ్లు కొనుక్కుని వస్తాడు. తల్లి ఎదుటే మూత తిప్పి తాగుతాడు. ఆమెను ఒక్క మాటా అనలేదు. అనకుండా తాగుతాడు. అది అతను వచ్చిన ప్రతిసారీ జరుగుతోంది.

వీధిలో ఎవరో అన్నారు కూడా: "ముసలమ్మ తోమేది బిందె బయటే గాని లోపల కాదేమో." నవ్వుకే అన్నారు. ఆమె వింది.

4. తమ విభాగమువారు గ్రహింపవలసినది మా వీధి అలవాటు ఒకటి గలదు. దానిని మొదటి బిందె అందురు.

నీళ్లు కొన్ని రోజులు రాక, వచ్చిన రోజున, కుళాయిలోంచి పడే మొట్టమొదటి బిందెడు నీళ్లను మా తెలుగిళ్లలో వేరే పనికి వాడరు. తోమిన బిందెకు పసుపు రాసి సిద్ధంగా పెట్టుకుంటారు. అది నిండగానే లోపల దేవుడి పటాల కింద పెడతారు. తాగడానికి అవే. అందులోనూ ముందు పెద్దవాళ్లకు, జబ్బుమనిషికి, ఒట్టి మనిషి కాని ఆడపిల్లకు. తరువాత పడేవి వంటకు, స్నానాలకు, మిగిలినవాళ్లు తాగడానికి. ఎందుకని ఒకప్పుడు యర్రమ్మ పెద్దమ్మనే అడిగాను. "ఇంకెవుల చెయ్యీ తగలని నీలు కదేటి, టీచరమ్మా" అంది.

నాకు తోచినది ఏమంటే, అది బావి దగ్గర పుట్టిన అలవాటు. తెల్లారేసరికి బావిలో నీళ్లు తేరుకుని ఉంటాయి; ఎవరూ చేద వేయకముందు తోడినవే తేటవి. అక్కడ అది తెలివైన పని. సముద్రం దాటి వచ్చినవాళ్లు వలలతో పాటు ఆ అలవాటునూ తెచ్చుకున్నారు. ఇక్కడ బావి పోయింది, కుళాయి వచ్చింది, అలవాటు మిగిలింది. కుళాయి దగ్గర సంగతి దానికి సరిగ్గా తలకిందులు. మా కొండవాలు మీద ఇళ్ల పైపులు మురుగుకాలువ పక్కన, కొన్నిచోట్ల కాలువలోనే, కట్టలు కట్టలుగా వెళ్తాయి. తమరు ఒకసారి నడిచి చూడవచ్చు. నీళ్లు లేని రోజుల్లో ఆ పైపులు ఖాళీ. తుప్పుపట్టిన చోట బయటిది లోపలికి దిగుతుంది. నీళ్లు వదలగానే అందరూ మోటార్లు వేస్తారు, అవి ఇంకా లాగుతాయి. వాల్వ్ తిప్పగానే లోపల చేరినదంతా ముందుగా తోసుకొచ్చేది మొదటి బిందెలోకే.

5. ఇక ఆ తెల్లపెట్టె గురించి.

పెట్టెకు పరీక్ష వేళలు గలవు. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం, గడియారం ప్రకారం. నీళ్లకు వేళలు లేవు. మా వాల్వ్‌మన్ గవరయ్య ట్యాంకులో మట్టం చూసుకుని ఒకనాడు పొద్దున, ఒకనాడు దీపాల వేళ వదులుతాడు. వదిలేముందు వీధి వాట్సాప్ గ్రూపులో గొంతు పంపుతాడు: "పానీ ఛోడ్ రహా హూఁ, ఎగువోల్లు బేగి పట్టుకోండి." పెట్టె ఆ గ్రూపులో లేదు.

"గవరయ్యా, నీళ్లు రాని రోజు కూడా దీపం పచ్చగానే ఉందేమిటి?" అని అడిగాను.

"ఆ డబ్బాకేటి దీదీ, ఆదివారం కూడా హాజరు పడిపోతాది. రోజంతా వాల్వ్ తిప్పినా ఆబ్సెంటు రాసేది నాకే" అన్నాడు.

తరువాత తమ కార్యాలయానికి వచ్చాను. తమరు అప్పటికి చేరలేదు. కంప్యూటరు ముందు మణికుమార్ అనే జూనియర్ ఇంజనీరు ఉన్నాడు. తమిళుల ఇంటి అబ్బాయి, ఇక్కడే పుట్టి పెరిగినవాడు. కూర్చోమని కుర్చీ లాగి, కిందటి ఏప్రిల్ అంతా తెర మీద చూపించాడు. నెలంతా ఆకుపచ్చ.

"నీళ్లు రాని రోజులు కూడానా?" అన్నాను.

"నీళ్లు రాకపోతే పాత రీడింగే మళ్లీ వస్తుంది మేడమ్. సిస్టమ్ ఖాళీ వదలదు. ఖాళీ కనిపిస్తే పైనుంచి ఫోన్ ఆతా హై."

"ఈ వేళలు ఎవరు పెట్టారు?"

"మెయిన్‌లాండ్ నుంచి అలాగే వచ్చింది. అక్కడ దిన్ రాత్ పైపులో నీళ్లుండే ఊరికి తయారు చేసింది. మనం దాన్నే పెట్టాం."

తెర మీద అక్కడక్కడ, ఆకుపచ్చ గీతకు ముందు, బూడిదరంగు ముక్కలు కనిపించాయి. అవేమిటని అడిగాను.

"వో స్టార్టప్ హై. వాల్వ్ తిప్పిన తర్వాత మొదటి అరగంట. గడియారం వేళ కాకపోయినా, నీళ్లు తగలగానే పెట్టె చూస్తుంది గాని లెక్కలో వేయదు. రీడింగ్ ఊగుతుంది కదా, అందుకని సిస్టమే తీసేస్తుంది. స్థిరపడే టైమ్ అంటారు."

"ఊగేది రీడింగా, నీళ్లా?"

అతను మౌస్ మీది నుంచి చెయ్యి తీసేశాడు. "దోనోఁ, మేడమ్. రెండూ."

"మా వీధిలో తాగడానికి పట్టుకునేవి ఆ అరగంట నీళ్లే బాబూ."

"మొదటివా? క్యోఁ?" నిజంగానే ఆశ్చర్యపోయాడు. "మా అమ్మ ముందు రెండు బకెట్లు మొక్కలకి పారబోస్తుంది."

బావి సంగతి, బిందె సంగతి, పసుపు సంగతి ఆ కుర్చీలో కూర్చుని చెప్పడానికి నోరు రాలేదు. వచ్చేటప్పుడు, ఈ మాటలు అర్జీలో రాస్తే నీకు ఇబ్బందా అని అడిగాను. "లిఖ్ దీజియే, రాసేయండి. ఇదే సంగతి నేను మూడుసార్లు పైకి రాశాను" అన్నాడు. కావున పేరు రాసితిని. అతనికి దీనివల్ల కీడు జరగకుండా చూడ ప్రార్థన.

అంటే, అయ్యా, తమ పెట్టె అబద్ధం చెప్పలేదు. వాసవి తాగిన నీళ్లను చూసింది. చూసి, ఇవి లెక్కలోకి రావని పక్కన పెట్టింది. తరువాత వచ్చిన మంచి నీళ్లను లెక్కపెట్టి, నీరు ప్రమాణాలకు లోబడి ఉందని రాసింది. ఆ రాతను నమ్మి తమ కార్యాలయంవారు తప్పు బిందెలో ఉండవచ్చునన్నారు.

6. నేను స్వయముగా చేసిన పరీక్ష. పోయిన నెలలో బడి ప్రయోగశాల నుంచి క్లోరిన్ ఉంటే పసుపురంగు తేలే చుక్కల మందు తెచ్చుకున్నాను. మా పెరటి కుళాయి దగ్గరే, గవరయ్య గొంతు రాగానే, మొదటి నీళ్లు ఒక గ్లాసులో పట్టాను. కాసేపాగి ఇంకొకటి, అరగంట దాటాక ఇంకొకటి. మొదటి గ్లాసులో చుక్కలు వేసినా ఏ రంగూ రాలేదు. అడుగున సన్నటి నలుపు దిగింది. చివరి గ్లాసు పసుపుపచ్చగా తేలింది. తరువాత నీళ్లు వచ్చిన ప్రతిసారీ చేశాను. ప్రతిసారీ అంతే.

యర్రమ్మ పెద్దమ్మ చెంబుతో వచ్చి చూసింది. "నీలకి కూడా పరీచ్చలేటి, టీచరమ్మా?"

"అవును పెద్దమ్మా."

"పాసయినాయా?"

"కొన్ని."

"మీ బల్లో పిల్లల్లాగే" అని, చాలాకాలానికి, కొంచెం నవ్వింది. నేను మొదటి గ్లాసును మొక్కల్లో పోసేశాను.

తమరు అడుగదగిన ఆక్షేపణలు నేనే ముందుగా రాస్తున్నాను, ఎందుకంటే ఇవి నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. వాసవికి పానీపూరీ అంటే ప్రాణం. అనిల్ షిప్పు వచ్చిన సాయంత్రాల్లో జెట్టీ వైపు వెళ్లి తినేది. నిజమే. డాక్టరు నీళ్లు కాచి ఇమ్మన్నారు, పెద్దమ్మ కాచేది. కాని ఆ రోజుల్లో సరుకుల షిప్పు ఆలస్యమై గ్యాసు రాలేదు, దేవుడి కింద పెట్టిన నీళ్లకు కాచే పనేముందని కొన్నిసార్లు కాచకుండానే ఇచ్చింది. అదీ నిజమే. నా చుక్కల మందు క్లోరిన్ లేదని చెబుతుంది గాని, ఫలానా రోజు ఫలానా నీళ్లలో ఆ జబ్బు ఉందని చెప్పలేదు. ఏ పెట్టే చెప్పలేదు. కాబట్టి మొదటి బిందెవల్లనే వాసవి చనిపోయిందని నేను ప్రమాణం చేయలేను. కాదని మాత్రం తమ కార్యాలయంవారు ఎట్లా రాయగలిగారు? నా సందేహాలన్నీ ఒకవైపు పెట్టినా, వారికి ఒక్క సందేహమైనా ఎందుకు రాలేదు?

7. కావున తమ దయాపూర్వక పరిశీలనకై కోరునది:

పరీక్ష గడియారం చూసి గాక, వాల్వ్ తిరిగినది చూసి మొదలు కావలెను. మొదటి అరగంటను 'స్థిరపడు సమయము' అని తీసివేయక, దానినే ముందుగా లెక్కలో వేయవలెను. నీళ్లు లేని రోజున బోర్డు మీద 'నీళ్లు లేవు' అని ఉండవలెను. పాత రీడింగును మళ్లీ చూపించి పచ్చదీపం వెలిగించరాదు. మొదటి నీళ్లు చెడ్డవైతే, గవరయ్య గొంతు వచ్చే ఫోన్లలోనే, హిందీలోను, తెలుగులోను, తమిళంలోను, బెంగాలీలోను, ఈ నీళ్లు తాగవద్దు, పారబోయండి అని రావలెను. బోర్డు చదవలేనివాళ్ల కోసం గొంతుతో రావలెను. ఇవి చేయడానికి కొత్త పెట్టె అక్కరలేదని, ఉన్నదానికి వేళలు మారిస్తే చాలునని మణికుమార్ చెప్పాడు.

వచ్చే నెల నుంచి మళ్లీ నీళ్లు రోజు విడిచి రోజైనా రావు. మా వీధిలో ఇప్పుడు ఇంకొక గర్భిణి ఉంది. పేరు రాయను, వాళ్లింట్లోనే ఇంకా అందరికీ చెప్పలేదు. వాళ్లదీ తెలుగిల్లే. మొదటి బిందె పారబొయ్యమని వాళ్ల అత్తగారికి నేనే వెళ్లి చెప్పాను. "అయ్యో, దేవుడి బిందె పారబోస్తారామ్మా, మీరు చదువుకున్నోళ్లు ఏదైనా అంటారు. బోర్డు పచ్చగానే ఉంది కదా" అంది. నేను చెప్పిన దానికన్నా తమ దీపం చెప్పినది వాళ్లకు నమ్మకం. నమ్మడం తప్పని ఎట్లా అనను?

చివరి కోరిక: అనిల్‌కు పంపిన జవాబులోని 'నిల్వ పాత్రలో సంభవించి యుండవచ్చును' అన్న వాక్యమును వెనుకకు తీసుకొని, ఆ సంగతి యర్రమ్మ గారికి తెలుగులో తెలియజేయవలెను. తపాలాలో కాదు. ఎవరైనా మనిషి వచ్చి చెప్పవలెను.

పై సంగతులన్నియు తమరు చిత్తగించవలెను. బల్ల మీద గాక, వీలైతే నీళ్లు వదిలే రోజున మా వీధిలో నిలబడి చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
కమలాకుమారి

తా.క.: సంతకం పెట్టిన తరువాత, ఇది రాయకుండా కవరు అంటించలేకపోయాను. దీన్ని ఫైలులో చేర్చనక్కరలేదు.

ఈ అర్జీ రాస్తున్నానని యర్రమ్మ పెద్దమ్మకు తెలుసు. రాస్తున్నంతసేపూ మా వంటింటి గుమ్మంలో కూర్చుని ఉంది. ఆమెకు చదువు రాదు.

"నా బిందె తప్పు కాదని రాసినావా, టీచరమ్మా?"

"రాశాను పెద్దమ్మా."

"పెద్దచ్చరాలతో రాసినావా?"

"పెద్దవాటితోనే."

"మరి నీలదే తప్పని రాసినావా?"

"రాశాను."

"ఏ నీలది?"

"లైనులో నీళ్లది" అన్నాను. అబద్ధం కాదు. ఆమె తలూపి, చెంబు ముందుకు జరిపింది. పోశాను.

నేను అడిగినట్టు తమరు వేళలు మారిస్తే, ఒకరోజు వీధిలో అందరి ఫోన్లలో ఒక గొంతు వస్తుంది: మొదటి నీళ్లు తాగవద్దు, తరువాతవి తాగవచ్చు. ఆమె వింటుంది. ఆమె తెలివితక్కువది కాదు. అదే కుళాయిలో కాసేపటికి మంచినీళ్లు వచ్చాయని, వాటిని తను తాగిందని, కోడలు ఒట్టి మనిషి కాదని ప్రేమగా ఎంచి తన వంతు మొదటివి కూడా ఆ పిల్లకే ఇచ్చిందని అప్పుడు తెలుస్తుంది. ఇవాళ ఆమె బిందె లోపల సరిగా తోమలేదేమోనని బాధపడుతోంది. అప్పుడు, బాగా తోమి, పసుపు రాసి, దేవుడి కింద పెట్టి ఇచ్చినందుకు బాధపడుతుంది. ఏది తక్కువ బాధో నాకు తెలియదు. నా చుక్కల మందు దానికి పనికిరాదు.

వేళలు మార్చవలసిందే. అందులో నాకు సందేహం లేదు; ఆ ఇంకో అమ్మాయి ఉంది. కాని ఆ గొంతు ఫోనులో రాకముందే నేను వెళ్లి ఆమె పక్కన కూర్చుని చెప్పాలా? లేక అది వచ్చిన రోజున ఏమీ తెలియనట్టు ఆమె దగ్గర ఉంటే చాలా? లేక అనిల్‌తో మాట్లాడి, ఆమె చెవిన పడకుండా ఇద్దరం కలిసి దాచాలా? దాచే హక్కు మాకు ఉందా? ఆమె మా గుమ్మంలోకి చెంబుతో వచ్చిన ప్రతిసారీ చెబుదామనుకుంటాను, నీళ్లు పోసి ఊరుకుంటాను. ఇప్పటిదాకా తేల్చుకోలేదు. ఈ కవరు పోస్టు చేసి ఇంటికి వెళ్లేటప్పటికీ తేల్చుకోగలనని అనుకోను.